బడి క్లినిక్‌కి బీమా డబ్బు: బెంగళూరులో ఏది వస్తుంది, ఏది రాదు

బెంగళూరులో కాస్త పెద్ద ప్రైవేటు బడి ఏదైనా తీసుకోండి, ఒక సిక్ రూమ్ ఉంటుంది. ఒక మంచం, థర్మామీటరు, పారాసిటమాల్ సిరప్, దూదీ కట్టూ, ఒక నర్సు. దాన్ని సరైన క్లినిక్‌గా మార్చండి, వారానికి మూడు రోజులైనా డాక్టరు రావాలి, పిల్లల కళ్లూ పళ్లూ రక్తహీనతా చూడాలి అని అడిగే తల్లిదండ్రులు ఇప్పుడు ఎక్కువయ్యారు. యాజమాన్యం దగ్గర మాట ఆగేది ఒక్కచోటే: జీతాలెవరిస్తారు? అప్పుడు ఎవరో ఒకరు అంటారు, "అందరికీ ఇన్సూరెన్స్ ఉందిగా, అక్కడి నుంచి రాబట్టుకుందాం" అని. కేఆర్ పురం, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు కంపెనీ పాలసీలున్న మన తెలుగువాళ్ల పిల్లలు చదివే బడుల్లో ఈ మాట మరీ ఎక్కువ.

బీమా నుంచి డబ్బు వస్తుంది, కానీ క్లినిక్ నడిచేంత రాదు. ఎక్కడ వస్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలియకుండా డాక్టరును పెట్టుకున్న క్లినిక్ ఏడాది తిరిగేసరికి మళ్లీ సిక్ రూమ్ అవుతుంది. పిల్లల మీద నిజంగా ప్రేముంటే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

మన దగ్గర ఆరోగ్య బీమా అంటే ప్రధానంగా ఆస్పత్రిలో చేరితే ఇచ్చే డబ్బు. పాలసీ కాగితంలో "ఆస్పత్రి" అంటే ఏమిటో నిర్వచనం ఉంటుంది. పది లక్షలు దాటిన జనాభా ఉన్న ఊళ్లో కనీసం 15 పడకలు, ఇరవై నాలుగు గంటలూ డాక్టరు, నర్సులు, సొంత ఆపరేషన్ థియేటరు ఉండాలి. ఒక్క రోజులోపే ముగిసే కొన్ని డేకేర్ చికిత్సలు మినహాయిస్తే కనీసం 24 గంటలు చేరి ఉండాలి. బడి క్లినిక్ ఈ నిర్వచనంలోకి ఎప్పటికీ రాదు. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తుంది, అదీ ఆస్పత్రిలో చేరితేనే. కర్ణాటకలో దాన్ని రాష్ట్ర పథకంతో కలిపి నడుపుతున్నారు, అక్కడా సూత్రం ఇదే. అంటే గొంతు నొప్పికీ కళ్లజోడుకీ చీటీ రాసిన డాక్టరుకి ఈ పథకాల నుంచి రూపాయి రాదు.

మిగిలింది ఓపీడీ, అంటే ఆస్పత్రిలో చేరకుండా డాక్టరుకి చూపించుకుని వచ్చే వైద్యం. కొన్ని కంపెనీల గ్రూపు పాలసీల్లో ఉద్యోగికీ భార్యాపిల్లలకీ కలిపి ఏడాదికి ఇంత అని ఓపీడీ పరిమితి పెడతారు. బడి క్లినిక్ బిల్లు పంపగలిగేది ఈ ఒక్క గదిలోకే. అందులోనూ టీకాలు, కళ్లజోళ్లు, పళ్ల వైద్యం చాలా పాలసీల్లో విడిగా రాస్తే తప్ప రావు. బడి పిల్లలకు ఎక్కువగా కావలసినవి సరిగ్గా ఆ మూడే.

ఇక్కడే అమెరికా ఉదాహరణ తెస్తారు. అక్కడ బడి ఆవరణలోనే క్లినిక్‌లు, బీమా డబ్బుతో నడుస్తున్నాయని. నిజమే, కానీ ఎందుకు నడుస్తున్నాయో చూడాలి. అక్కడ పేదల బీమా అయిన మెడికెయిడ్ 1965లో వచ్చింది. 1967లో దానికి ఒక నియమం చేర్చారు: బీమా ఉన్న 21 ఏళ్ల లోపు ప్రతి ఒక్కరికీ వయసును బట్టి క్రమం తప్పని ఆరోగ్య పరీక్షలు, చూపు, వినికిడి, పళ్ల పరీక్షలు, వాటిలో బయటపడిన జబ్బుకి వైద్యం హక్కుగా ఇవ్వాలి. దాదాపు అదే కాలంలో బడి క్లినిక్‌లు పుట్టాయి: మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో 1967లో, డల్లస్‌లో 1970లో, సెయింట్ పాల్‌లో 1973లో. కాబట్టి జబ్బు లేని పిల్లను కూర్చోబెట్టి చేసే వార్షిక పరీక్షకి కూడా అక్కడ బిల్లు కోడ్ ఉంది. 12 నుంచి 17 ఏళ్ల పాత రోగికైతే 99394. వైద్యం జరిగిన చోటు బడి అని చెప్పడానికి 03 అనే కోడ్ కూడా ఉంది. మన బీమాలో ఆ రెండు అరలూ లేవు. మొత్తం తేడా అక్కడే ఉంది.

అంత ఉన్నా అక్కడి క్లినిక్‌లు బిల్లుల మీదే బతకవు. చాలావాటిని నడిపేది ప్రభుత్వ గుర్తింపున్న సామాజిక ఆరోగ్య కేంద్రాలు. వాటికి మెడికెయిడ్ ఒక్కో సందర్శనకి ఆ కేంద్రం ఖర్చును బట్టి ముందే ఖరారు చేసిన మొత్తం ఇస్తుంది. అది మామూలు డాక్టరుకిచ్చే ఫీజుకన్నా సాధారణంగా ఎక్కువ. ఆ పైన రాష్ట్ర గ్రాంట్లు, స్థానిక ప్రభుత్వం, ఫౌండేషన్లు. 2010 ఆరోగ్య చట్టం బడి క్లినిక్‌లకు 20 కోట్ల డాలర్లు కేటాయించింది, కాకపోతే భవనాలకూ పరికరాలకే, జీతాలకు కాదు. మన దగ్గర కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు కూడా చాలావరకు ఇదే దారి. దంతవైద్యం కుర్చీ వస్తుంది, దాని పక్కన నిలబడే మనిషి జీతం రాదు. క్లినిక్ పెట్టించాలని కంపెనీ వాళ్లు ముందుకొస్తే మూడేళ్ల నర్సు జీతం అడగండి, ఫలకం దాని మీదే వేయించుకోమనండి.

ఇప్పుడు మన లెక్క. ఊహకి 1,200 మంది పిల్లలున్న బడి అనుకుందాం. జీతాలు పేటను బట్టి మారతాయి, మీ అంకెలు మీరు పెట్టుకోండి.

నర్సు నెలకు 28,000 చొప్పున ఏడాదికి 3,36,000. డాక్టరు వారానికి మూడు పూటలు, పూటకు 2,000, నలభై వారాలు, అంటే 120 పూటలకు 2,40,000. కౌన్సెలరు వారానికి రెండు రోజులు, రోజుకు 1,500, ఎనభై రోజులకు 1,20,000. మందులు, గ్లవ్స్, గ్లూకోమీటరు స్ట్రిప్పులు, నెబ్యులైజరు మాస్కులు పది నెలలకు లక్ష. రిజిస్ట్రేషను, వ్యర్థాల బండి, రికార్డుల సాఫ్ట్‌వేరుకు 40,000. మొత్తం 8,36,000. పిల్లకు ఏడాదికి 697 రూపాయలు.

రాబడి చూడండి. డాక్టరు పూటకు పన్నెండు మందిని చూస్తే ఏడాదికి 1,440 సందర్శనలు. నలుగురిలో ఒకరికి ఓపీడీ పాలసీ ఉందనుకుంటే 360 బిల్లులు. బిల్లుకి 300 చొప్పున 1,08,000. అందులో ఐదో వంతు తిరస్కరణకి పోతే చేతికొచ్చేది 86,400, ఖర్చులో పదో వంతు. సగం మందికి ఓపీడీ ఉందనుకున్నా 1,72,800 దాటదు, ఐదో వంతు. క్లెయిములు చూడ్డానికి ఒక గుమాస్తాను పెట్టుకుంటే అతని జీతానికే అది చాలదు.

డాక్టరును రోజూ రప్పిస్తే పెరుగుతుందిగా అంటారు. పెరిగేది ఖర్చు కూడా. అసలు కారణం వేరే ఉంది. సిక్ రూమ్‌కి వచ్చే పిల్లల్లో ఎక్కువమందిని చూసేది నర్సే. నెలసరి నొప్పితో వచ్చిన పిల్లకి వేడి నీళ్ల సంచీ ఇచ్చి అరగంట పడుకోబెట్టడం, ఉబ్బసం పిల్లవాడు ఇన్‌హేలరు స్పేసరుతో సరిగ్గా పీలుస్తున్నాడా అని చూడటం, మూడు సోమవారాలు వరసగా కడుపునొప్పి అంటున్న పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏమైందమ్మా అని అడగడం. ఇవి బడి క్లినిక్ ప్రాణం. వీటిలో దేనికీ ఏ పాలసీలోనూ బిల్లు లేదు. డాక్టరు సంతకం ఉన్న సంప్రదింపునే బీమా గుర్తిస్తుంది. బిల్లుల మీద ఆధారపడిన క్లినిక్ మెల్లగా బిల్లు అయ్యే పనివైపు జరిగిపోతుంది, నర్సు బల్ల ఖాళీ అవుతుంది.

అందుకే నా మాట ఇది: క్లినిక్ పునాది తలసరి డబ్బు మీద కట్టాలి. ప్రతి పిల్లకీ ఏడాదికి ఇంత అని, జబ్బుపడినా పడకపోయినా. బీమా బిల్లులు ఆ పైన వచ్చే అదనం కావాలి.

ఇది మనకు కొత్త కాదు. కార్మికుల ప్రభుత్వ బీమా అయిన ఈఎస్‌ఐలో ప్రైవేటు డాక్టర్లను ప్యానెల్‌లోకి తీసుకుని, వాళ్ల దగ్గర నమోదైన కుటుంబాల సంఖ్యను బట్టి తలసరి లెక్కన చెల్లించే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. కోల్‌కతాలో స్టూడెంట్స్ హెల్త్ హోమ్ 1950ల నుంచి విద్యాసంస్థలను మొత్తంగా సభ్యులుగా చేర్చుకుని, విద్యార్థికి ఏడాదికి చిన్న చందాతో వైద్యం నడిపింది. రెండు చోట్లా సూత్రం ఒకటే. రోగులు తక్కువైతే డాక్టరుకి నష్టం లేదు, కాబట్టి జబ్బు రాకుండా చూసుకోవడం దండగ పని కాదు.

తలసరి డబ్బు వసూలులో రెండు గీతలు దాటకూడదు. మొదటిది, బడి తన క్లినిక్‌లో చేసే సేవకే డబ్బు తీసుకోవాలి. "ఈ 697లోంచి మీ పిల్ల ఆస్పత్రి ఖర్చు కూడా ఇస్తాం" అన్నారంటే అది బీమా వ్యాపారం. 1938 బీమా చట్టం ప్రకారం దానికి రిజిస్ట్రేషను కావాలి. రెండోది, పిల్లలందరికీ గ్రూపు పాలసీ తీసుకుని బీమా కంపెనీ నుంచి కమీషను తెచ్చి క్లినిక్ నడుపుదామనే ఆలోచన. లైసెన్సున్న ఏజెంటు, మధ్యవర్తికి తప్ప పాలసీ ఇప్పించినందుకు కమీషను ఇవ్వడం అదే చట్టంలోని 40వ సెక్షను ఒప్పుకోదు.

మరి బడి తరఫున పిల్లలందరికీ ఓపీడీ గ్రూపు పాలసీ కొంటే? అది చెడ్డ బేరం. జలుబూ జ్వరమూ ఏటా తప్పకుండా వచ్చేవి, వాటిలో బీమాకి పంచే అనిశ్చితి ఏమీ లేదు. ఇక్కడి నుంచి కంపెనీకి పంపిన డబ్బే దాని ఖర్చులూ, క్లెయిములు పరిశీలించే మధ్య సంస్థ (టీపీఏ) ఫీజూ పోగా తిరిగొస్తుంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు గానీ, గ్రూపు పాలసీల మీద 18 శాతం అలాగే ఉంది. క్లినిక్ చేసే వైద్య సేవకి మాత్రం జీఎస్టీ మినహాయింపు ఉంది. అదే రూపాయి నేరుగా క్లినిక్‌కిస్తే పిల్లలకి ఎక్కువ మిగులుతుంది.

బడి కొనవలసిన పాలసీ ఒకటుంది: విద్యార్థుల ప్రమాద బీమా. ప్రీమియం తక్కువ. కొనేటప్పుడు ప్రమాద వైద్య ఖర్చుల క్లాజు ఉందా, అది ఓపీడీకీ వర్తిస్తుందా అని చూసి తీసుకోవాలి. ఆటస్థలంలో చెయ్యి విరిగిన పిల్లవాడి ఎక్స్‌రే, పట్టీ ఖర్చు దాన్నుంచి రావాలి. చాలా బడుల్లో పాలసీ బీరువాలో ఉంటుంది, అందులో ఏముందో నర్సుకి తెలియదు, క్లెయిము గడువు దాటిపోతుంది. పాలసీ నంబరూ, తెలియజేయాల్సిన ఫోను నంబరూ, గడువూ ఒక కాగితం మీద రాసి క్లినిక్ గోడకి అంటించండి.

ఒకే ధర, అందరికీ

ఓపీడీ ఉన్నవాళ్ల దగ్గర బిల్లు తీసుకుని, లేనివాళ్లకు ఊరికే చూద్దాం అనిపించడం సహజం. మంచి మనసుతో చేసే ఈ పనే క్లెయిములకు ముప్పు. పాలసీ చెల్లించేది నిజంగా అయిన ఖర్చుకి. అందరికీ ఉచితమైనదానికి బీమా ఉన్నవాళ్ల దగ్గరే ధర వేస్తున్నారని తేలితే టీపీఏ మొత్తం క్లినిక్‌నే అనుమానిస్తుంది. అమెరికాలో మెడికెయిడ్ ఏళ్ల తరబడి ఇదే వాదనతో, మిగతా పిల్లలకు ఉచితంగా ఇచ్చే సేవకి మేం డబ్బివ్వం అని బడుల బిల్లులు ఆపింది. 2014 డిసెంబరులో ఆ నియమం ఎత్తేశాక గానీ బడులకు దారి తెరుచుకోలేదు. మన దగ్గర అలా ఎత్తేసేవాళ్లు లేరు కాబట్టి పద్ధతి ముందే సరిగా పెట్టుకోవాలి.

చేయాల్సిందిది. తలసరి ఫీజు దేనికో రాతలో పెట్టండి: నర్సు, ప్రథమ చికిత్స, ఏటా చేసే పరీక్షలు, కౌన్సెలరు. డాక్టరు సంప్రదింపుని దాన్నుంచి విడదీసి, దానికొక ధర పెట్టి గోడ మీద వేయండి. అందరికీ అదే ధర, అందరికీ బిల్లు. కట్టలేని పిల్లల బిల్లుని దాతలు, సీఎస్‌ఆర్ డబ్బుతో ఏర్పాటు చేసిన నిధి కడుతుంది, రసీదులో కూడా అలాగే రాయాలి. ఒకే సందర్శనకి తలసరి ఫీజులోంచీ, పాలసీలోంచీ రెండుసార్లు డబ్బు తీసుకోవడం మాత్రం మోసం. పై లెక్కలో డాక్టరు 2,40,000 పక్కన పెడితే తలసరి మొత్తం 497 అవుతుంది. డాక్టరు బిల్లులు, నిధి కలిసి ఆ రెండు లక్షల నలభై వేలు దాటించాలి. బిల్లు 300 అయితే ఏడాదికి 800 సందర్శనలకు డబ్బు రావాలి, పూటకు ఏడుగురు. ఇది చేయగలిగిన పని.

క్లెయిము ఎక్కడ తిరగబడుతుంది

బీమా కంపెనీయే నేరుగా క్లినిక్‌కి డబ్బు కట్టే క్యాష్‌లెస్‌లో బడి క్లినిక్ చేరడం మొదట్లో కష్టం. తల్లిదండ్రులు బిల్లు కట్టి, తర్వాత వాళ్లు క్లెయిము చేసుకోవడమే మామూలు దారి. తిరస్కరణ దెబ్బ వాళ్ల మీదే పడుతుంది. రెండుసార్లు తిరగబడితే మూడోసారి "బడిలో చూపించుకోకు, సాయంత్రం మనమే వెళ్దాం" అంటారు. కాబట్టి కాగితం సరిగా ఇవ్వడం క్లినిక్ బాధ్యత.

మనవాళ్ల పిల్లల విషయంలో మొదట తగిలేది పేరు. బడి రిజిస్టరులో "వి. తేజస్విని" అని ఉంటుంది. కంపెనీ పాలసీ కార్డు మీద "తేజస్విని వంగపాటి" అని ఉంటుంది. ఆధార్‌లో "వంగపాటి తేజస్విని". ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు టీపీఏ కంప్యూటరుకి అర్థం కాదు, వేరే మనిషి అనుకుంటుంది. బిల్లు మీద పేరు పాలసీ కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. అందుకే క్లినిక్ రికార్డులో "బీమా కార్డు మీద పేరు" అని విడిగా ఒక గడి పెట్టండి, కార్డు ఫొటో చూసి అక్షరం అక్షరం ఎక్కించండి.

తర్వాత రసీదు. బడి ట్రస్టు పేరుతో ఇచ్చిన ఫీజు రసీదు చెల్లదు. రిజిస్టరైన క్లినిక్ పేరు, రిజిస్ట్రేషను నంబరు, వరస సంఖ్య, తేదీ, సేవ వివరం ఉన్న బిల్లు కావాలి. వార్షిక ఫీజు రసీదు కూడా చెల్లదు, ఏ తేదీన ఏ జబ్బుకి అన్నది అందులో లేదు గనక.

మందుల చీటీలో డాక్టరు పేరు, అర్హత, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషను నంబరు ఉండాలి. రబ్బరు స్టాంపు చేయించి పెడితే ఈ తప్పు మళ్లీ జరగదు. జబ్బు పేరు, దాని అంతర్జాతీయ కోడ్ (ఐసీడీ) రాయాలి. "జ్వరం" అని మాత్రమే రాస్తే వివరణ అడుగుతూ ఉత్తరం వస్తుంది. గొంతు ఇన్ఫెక్షను అయితే జె02.9, ఉబ్బసం జె45, హ్రస్వదృష్టి హెచ్52.1, ఇనుము లోపంతో వచ్చిన రక్తహీనత డి50, పిప్పిపన్ను కె02, నెలసరి నొప్పి ఎన్94.6. బడి పిల్లల్లో మాటిమాటికీ కనిపించే జబ్బులు ఇరవై ఉంటాయి, వాటి కోడ్‌లు ఒక అట్ట మీద రాసి డాక్టరు బల్ల మీద పెట్టండి. మందుల బిల్లు తేదీ చీటీ తేదీ కన్నా ముందుండకూడదు. చీటీలో లేని మందు బిల్లులో ఉండకూడదు.

గడువు పాలసీని బట్టి ఉంటుంది, సాధారణంగా పదిహేను నుంచి ముప్పై రోజులు. కాగితాలు పిల్ల సంచిలోనే నలిగిపోతాయి. అదే రోజు బిల్లూ చీటీ ఒకే పీడీఎఫ్‌గా తల్లిదండ్రుల ఫోనుకి పంపండి.

ఒప్పుకోలు పత్రం సంగతి. డాక్టరు చూసేటప్పుడు తల్లిదండ్రులు అక్కడ ఉండరు. ఏడాది మొదట్లోనే మూడు విషయాలకు మూడు వేర్వేరు సంతకాలు తీసుకోవాలి: వైద్యానికి, బిల్లుకి, వివరాలు బీమా కంపెనీకి ఇవ్వడానికి. ఒకే సంతకంలో మూడూ కలిపేస్తే రేపు వివాదంలో ఏదీ నిలవదు. డాక్టరు వీడియోలో చూసే పద్ధతి పెడితే, 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మైనరు పక్కన పెద్దవాళ్లుండాలి, వాళ్లెవరో డాక్టరు తెలుసుకోవాలి.

రిజిస్ట్రేషను

బడి సొంతంగా చేయడం కన్నా, దగ్గర్లో ఇప్పటికే రిజిస్టరైన ఆస్పత్రితోనో పాలీక్లినిక్‌తోనో ఒప్పందం చేసుకుని వాళ్ల శాఖగా పెట్టించడం మేలు. బిల్లింగూ, డాక్టరు సెలవు పెడితే మరొకరూ, క్యాష్‌లెస్ చర్చలూ వాళ్లవి. అమెరికాలో బడి క్లినిక్‌ల వెనక ఒక ఆరోగ్య కేంద్రం ఉండటానికి కారణం కూడా ఇదే. ఎవరు నడిపినా కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం, 2007 కింద ఆ చిరునామాకి రిజిస్ట్రేషను కావాలి. డాక్టరు వైద్యం చేసే చోటుకి "సిక్ రూమ్" అని బోర్డు పెట్టినంత మాత్రాన చట్టం తప్పదు.

వ్యర్థాల విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు బడుల ప్రథమ చికిత్స గదులకూ వర్తిస్తాయని వాటిలోనే రాసి ఉంది. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గ్లవ్స్ ఎరుపులోకి, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి వెళ్లాలి. బడి చెత్తబండిలో కాదు.

కార్డులున్న పిల్లలు

హొసూరు రోడ్డు, పీణ్య వైపు ఫ్యాక్టరీల్లో, కట్టడాల్లో పనిచేసే తెలుగు కుటుంబాల పిల్లలు చదివే చిన్న బడుల్లో లెక్క వేరు. వాళ్లకి కంపెనీ ఓపీడీ ఉండదు. అయితే నెలకు 21,000 లోపు జీతమున్న తల్లో తండ్రో ఈఎస్‌ఐలో ఉంటే పిల్లలకీ డిస్పెన్సరీలో ఓపీడీ ఉచితం. ప్రైవేటు పాలసీల్లో అరుదుగా దొరికేది ఇక్కడ హక్కుగా ఉంది. జీతంలో 0.75 శాతం కోత పడుతున్నా ఆ సంగతి చాలామంది తల్లులకు తెలియదు. పిల్లల పేర్లు కార్డులో చేర్పించలేదు కూడా. బడి క్లినిక్ నర్సు ఒక పూట కూర్చుని ఆ పేర్లు చేర్పించేలా చూస్తే, ఏ బీమా కంపెనీతో బేరమాడినా రానంత మేలు జరుగుతుంది.

ఆస్పత్రి అవసరమైతే: ఆయుష్మాన్ కార్డు ఆ పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. కర్ణాటక పథకంలో చాలా చికిత్సలకు ప్రభుత్వ ఆస్పత్రి నుంచి రెఫరల్ కావాలి, బడి డాక్టరు చీటీ సరిపోదు. అందుకని ముందు ఏ ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలో కూడా రాసివ్వాలి. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీని 2019 నవంబరులో బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలోని కొన్ని ఆస్పత్రులకు విస్తరించారు. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. ఊళ్లో కార్డున్న కుటుంబమైతే ఆ ఆస్పత్రి జాబితాలో ఉందా, ఆ చికిత్స ఉందా అని ముందు ఫోను చేసి కనుక్కోవాలి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికోసారి వచ్చి పిల్లల్ని చూస్తుంది. గుండె లోపం లాంటివి అందులో బయటపడితే చికిత్స ఉచితం.

ఖర్చు తగ్గించడం కూడా నిధులు తేవడమే. పదేళ్లకీ పదహారేళ్లకీ వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. నులిపురుగుల మాత్ర పంపిణీ సాధారణంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఉంటుంది. పేటలోని పట్టణ ఆరోగ్య కేంద్రం లేదా కర్ణాటక ప్రభుత్వం నడిపే నమ్మ క్లినిక్ డాక్టరుకి బడి తరఫున ఒక ఉత్తరం రాసి తేదీ ఖాయం చేసుకోండి.

బిల్లు చేయకూడనిది

కౌన్సెలింగ్. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బుని శరీర జబ్బుతో సమానంగా చూడాలి, కాబట్టి ఓపీడీలో క్లెయిము చేయవచ్చుగా అని అడుగుతారు. చేయవద్దు. క్లెయిము పెట్టిన మరుక్షణం తండ్రి ఫోనుకి సందేశం వస్తుంది. పదిహేనేళ్ల పిల్ల రెండోసారి ఆ గది గడప తొక్కదు. అమెరికాలో బీమా కంపెనీలు ఇంటికి పంపే చెల్లింపు వివరాల కాగితం వల్ల ఇదే ఇబ్బంది. అక్కడి క్లినిక్‌లు ఇలాంటి సేవలకు బిల్లు వేయకుండా గ్రాంటు డబ్బు వాడుకునేది అందుకే. మన దగ్గర కౌన్సెలరు జీతం పూర్తిగా తలసరి డబ్బులోంచే రావాలి. ఇంత రహస్యమూ పోక్సో చట్టం ముందు ఆగుతుంది. లైంగిక వేధింపు తెలిస్తే ఫిర్యాదు చేయడం తప్పనిసరి. "ఎవరికీ చెప్పను" అని కౌన్సెలరు పిల్లకి మాటివ్వకూడదు, ఆ హద్దు మొదటి రోజే చెప్పాలి.

ఇవన్నీ జూన్‌లో మొదలుపెడితే ఆ ఏడాదికి అందవు. జనవరిలో ఆస్పత్రితో ఒప్పందం, రిజిస్ట్రేషను దరఖాస్తు. ఫిబ్రవరిలో అడ్మిషను ఫారంతో పాటు ఒక పేజీ ప్రశ్నలు: ఏ బీమా కంపెనీ, టీపీఏ ఎవరు, ఓపీడీ పరిమితి ఎంత, ఈఎస్‌ఐ ఉందా, ఆయుష్మాన్ కార్డు ఉందా, రేషను కార్డు ఏ రాష్ట్రంది, కార్డు మీద పిల్ల పేరెలా ఉంది. చాలా కంపెనీల పాలసీలు ఏప్రిల్‌లో రెన్యువల్ అవుతాయి, ఓపీడీ ఐచ్ఛికమైతే ఎంచుకోవాల్సింది అప్పుడే. కాబట్టి మార్చి మొదటి వారంలో తల్లిదండ్రులకు ఆ సంగతి గుర్తుచేస్తూ సందేశం వెళ్లాలి. ఆ ఫారాలు లెక్కపెట్టి, ఓపీడీ ఉన్నవాళ్లు నిజంగా ఎంతమందో తేలాకే తలసరి ఫీజు అంకె ఖాయం చేయండి.